అర్థమైందా: ముప్ఫై ఒకటి

విద్యాశాఖ తనిఖీ అధికారి వారి సముఖమునకు,

ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారు వినయముతోను, వినయము అయిపోయిన చోట కోపముతోను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ప్రధానోపాధ్యాయురాలు "పర్యవేక్షణ చేయుట లేదు" అను కారణముపై ఆమెను తమ కార్యాలయపు పాత రికార్డుల గదికి మార్చుచూ తాము ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

సూచిక: ఒకటి, సదరు ఉత్తర్వు. రెండు, సదరు ఉత్తర్వుకు మూలమైన, సంతకము లేని ఫిర్యాదు. (రెండవదాని సంగతి చివర మనవి చేసుకొందును.)

నేను ఈ పాఠశాలలో పంతొమ్మిది సంవత్సరములుగా లెక్కలు చెప్పుచున్నాను. పై ఉత్తర్వు ప్రకారం మా పెద్దమేడం గారు వచ్చే శనివారం సాయంత్రం బాధ్యతలు అప్పగించి వెళ్ళిపోవలెను. ఆమె వెళ్ళకూడదు. ఇందుకు కారణములు దిగువ వరుసగా వ్రాయుచున్నాను. వరుస తప్పిన చోట మన్నించమని అడగను.

1. తాము తనిఖీ నిమిత్తం మా పాఠశాలకు పదకొండు గంటల ఐదు నిమిషములకు దయచేసి, పదకొండు నలభైకి వెళ్ళిపోయినారు. ఈ ముప్ఫై అయిదు నిమిషములూ తాము ఆఫీసు గదిలోనే కూర్చుని తొమ్మిది రిజిస్టర్లు తిరగేసినారు. ఫ్యాను చప్పుడు చేయుచున్నదని రెండుసార్లు విసుక్కున్నారు. ఆఫీసు గది గుమ్మం నుండి ఏడో తరగతి గుమ్మం వరకు ఇరవై రెండు అడుగులు. అనుమానం లేకుండా రెండుసార్లు నడిచి చూసినాను. తమరు వస్తారని ఆ రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బోర్డు మీద తేదీ గుండ్రంగా రాసినాను. పిల్లలు తుమ్ము వచ్చినా ఆపుకుని కూర్చున్నారు. తమరు ఆ ఇరవై రెండు అడుగులు వేయలేదు. వేయకుండానే మా బడిలో చదువు చెప్పించే పద్ధతి "అసంతృప్తికరం" అని రాసి వెళ్ళారు.

2. తాము ఖాళీగా ఉన్నదని మండిపడిన పర్యవేక్షణ రిజిస్టరులో నలభై రెండు గడులు గలవు. గది గోడల రంగుకు ఒక గడి కలదు. ఉపాధ్యాయుని దుస్తులకు ఒకటి, సుద్దముక్కల నిల్వకు ఒకటి, కిటికీ రెక్కల స్థితికి ఒకటి. పిల్లలకు పాఠం వచ్చినదా లేదా అనుటకు గడి లేదు. నేను వేలు పెట్టి వెతికినాను.

ఇంతకు ముందున్న ప్రధానోపాధ్యాయుల వారు ఈ నలభై రెండు గడులనూ ఏడాదికి ఒక్క మధ్యాహ్నంలో నింపేవారు. వేర్వేరు రోజుల్లో రాసినట్టు కనిపించాలని మూడు రకాల సిరాలు వాడేవారు. ఆయన ఉన్న కాలమంతా నా తరగతి గదిలోకి ఒక్కసారి వచ్చారు, అదీ గొడుగు ఎక్కడ మరిచిపోయారో వెతుక్కుంటూ. ఆ ఏడాది కూడా నా బోధన గురించి "నిశితంగా పరిశీలించడమైనది" అని రాశారు. దాని కింద తమ శాఖ వారు "తృప్తికరం" అని సంతకం చేశారు. అలాంటి తృప్తికరాలు నా పేరున పదిహేడు ఉన్నాయి. ఆ పదిహేడేళ్ళలో నేను ఒక్క మెట్టు కూడా బాగుపడలేదని ఇందుమూలముగా లిఖితపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను.

3. ఇప్పటి పెద్దమేడం గారు వచ్చి ఏడాదిన్నర అయినది. వచ్చిన రెండో వారమే చెప్పాపెట్టకుండా నా తరగతిలోకి వచ్చి, వెనక బెంచీలో పిల్లల పక్కన సర్దుకుని కూర్చున్నారు. చేతిలో పిల్లలు రాసుకునే రఫ్ నోటుబుక్కు. గంట కొట్టేదాకా అందులో ఏదో గుర్తు పెట్టుకుంటూ ఉన్నారు. లేచి వెళ్ళేటప్పుడు నోటుబుక్కులోంచి ఆ కాగితం చించి నా చేతిలో పెట్టారు. నకలు ఉంచుకోలేదు. ఆవిడ పద్ధతే అది. చూసినది రాస్తారు, చించుతారు, ఎవరి కాగితం వాళ్ళకు ఇచ్చేస్తారు. అందుకే తమకు రిజిస్టరు ఖాళీగా కనిపించినది.

నాకిచ్చిన మొదటి కాగితంలో రెండే రెండు వరసలు ఉన్నాయి.

"అర్థమైందా: 31. జవాబు కోసం ఆగినవి: 0."

అంతే. గుండ్రటి తేదీ గురించి గానీ, నా గొంతు చివరి బెంచీ దాకా వినపడుతుందన్న సంగతి గానీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చూపించి, ఇదేం పెద్దరికం, మాటలు లెక్కపెట్టడమేనా ఉద్యోగం అన్నాను. ఆవిడ కాగితం చదివి, "నాతోనూ అంతేగా. ఎలా ఉన్నావని అడుగుతారు, నేను నోరు తెరిచేలోగా పేపరు తెరుస్తారు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఈ వాక్యం అర్జీకి సంబంధించినది కాదు. అయినా ఉండనీయండి.

4. తరువాత కొన్ని వారాలు నేను పెద్దమేడం గారితో ముభావంగా ఉన్నాను. ఆవిడ పట్టించుకోలేదు. వారానికొకసారి వచ్చి కూర్చోవడం, కాగితం ఇవ్వడం మానలేదు. 28, సున్నా. 30, సున్నా. ఒకరోజు నేనే సైకిళ్ళ షెడ్డు దగ్గర ఆపి, నన్నేం చేయమంటారని కాస్త గట్టిగానే అడిగాను. "అడిగాక మనసులో పదిదాకా లెక్కపెట్టండి మాస్టారూ. లెక్కలు మీకొచ్చినవే కదా," అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే చెప్పారు.

మరునాడు భిన్నాల భాగహారం. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి, అర్థమైందా అన్నాను. తరగతి మొత్తం ఎప్పటిలాగే అర్థమైంది సార్ అని రాగం తీసింది. నేను కదలకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అయిదు దగ్గర పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆరు దగ్గర నా చెయ్యి దానంతటదే సుద్దముక్క మీదికి పోయింది. ఎనిమిది దగ్గర మూడో వరసలో ఎప్పుడూ నోరు మెదపని పిల్ల ఒకతె లేచింది.

"నాకు అర్థం కాలేదు సార్. భాగిస్తే తగ్గాలి కదా? అరని పావుతో భాగిస్తే రెండెలా అయింది?"

అయ్యా, పంతొమ్మిదేళ్ళలో తనకు అర్థం కాలేదని నాతో చెప్పిన మొదటి మనిషి ఆ పిల్ల. అంతకంటే సిగ్గుచేటైన సంగతి, జవాబు నాకూ తెలియదు. రూలు అంతే, కూర్చో అన్నాను. కూర్చుంది. వెనక బెంచీలో పెద్దమేడం గారు ఉన్నారు. సాయంత్రం అందరూ వెళ్ళాక నన్ను పిలిచి, ఒక కాగితపు పట్టీని సగానికి మడిచి, "ఈ సగంలో పావులు ఎన్ని పడతాయో చూడండి," అన్నారు. రెండు పడ్డాయి. నాకు నలభై ఏడేళ్ళు. ఆ రోజు నాకు భాగహారం వచ్చింది. మరునాడు అదే పట్టీ ఆ పిల్ల చేతిలో పెట్టి, నిన్న నేను తప్పు చెప్పాను అని తరగతి అందరి ముందూ అన్నాను. ఇప్పుడు నా తరగతిలో రోజుకు నలుగురైదుగురు అర్థం కాలేదని లేస్తున్నారు. తమ గడుల్లో ఇది ఎక్కడ పడుతుందో తెలియజేయ ప్రార్థన.

5. పెద్దమేడం గారు నన్నొక్కడినే సతాయించలేదు. సైన్సు మాస్టారి చేత తాళం వేసిన బీరువా తెరిపించి సామాను పిల్లల చేతికి ఇప్పించారు. నేను ఆయన పాఠం, ఆయన నా పాఠం వినాలని ఏర్పాటు చేశారు. దానికి మాకు తీరిక ఏదని అడిగితే, మార్కుల జాబితాలు, హాజరు లెక్కలు నకలు రాసే పని మా దగ్గర నుంచి లాక్కుని తానే చేసుకున్నారు. అందువల్ల తమకు పంపవలసిన నివేదికలు కొన్ని ఆలస్యమైన మాట వాస్తవం. ఉత్తర్వుతో తాము పంపిన మెమోలో ఆ ఆలస్యం గురించి ఒక పేరా ఉంది. అది ఎందుకు జరిగిందో తెలుసుకునే ప్రయత్నం మాత్రం లేదు.

6. తనిఖీ రోజున చివరి అయిదు నిమిషాలకు నన్ను పాఠం మధ్యలో పిలిపించారు. సీనియరు ఉపాధ్యాయుడిగా తనిఖీ నివేదిక మీద సాక్షి సంతకం చేయాలన్నారు. కావున అక్కడ జరిగినది నేను చెవులారా విన్నదే. తరగతుల్లో కూర్చుని రాసిన కాగితాలు ఏవని తమరు పెద్దమేడం గారిని అడిగారు. అవి మాస్టార్ల దగ్గర ఉన్నాయని ఆవిడ చెప్పారు. తెప్పించండి అన్నారు తమరు.

"అడగను సార్. అవి వాళ్ళవి. మీకు చూపించానంటే రేపటినుంచి వెనక బెంచీలో వాళ్ళకి నేను కనిపించను, మీరు కనిపిస్తారు. ఇక ఒక్కరూ తప్పు చేయరు, ఒక్కరూ నేర్చుకోరు."

దానికి తమరు సెలవిచ్చిన మాటలు ఇవి: "కాగితం లేని పని పనే కాదమ్మా. అర్థమైందా?" ఆ మాట అని, ఆవిడ జవాబు కోసం ఆగకుండా పెన్ను నా వైపు తిప్పారు.

నేను లెక్కపెట్టాను. ఆ అయిదు నిమిషాల్లో తమరు అర్థమైందా అని ఏడుసార్లు అన్నారు. ఆగినవి సున్నా.

నేను సంతకం చేశాను. నా బల్ల సొరుగులో ఆవిడ ఇచ్చిన కాగితాలన్నీ ఉన్నాయి. ఇరవై రెండు అడుగుల దూరం. వెళ్ళి తేవచ్చు. తేలేదు. తెస్తే నా సున్నాలు తమరు చూస్తారని భయపడ్డాను. ఈ విషయంలో తమరికీ నాకూ పెద్ద తేడా లేదు.

7. కావున ఆ కాగితాలను ఈ అర్జీకి జతపరచుచున్నాను. మొత్తం యాభై మూడు. ముప్ఫై ఒకటి నుంచి మొదలై మూడు దాకా, తేదీల వారీగా ఉన్నాయి. ఆవిడ అడగలేదు. ఇవి నావి, నేనే ఇస్తున్నాను. నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదు. పర్యవేక్షణ అనగా ఏమిటో తమరికి తెలియని పక్షంలో ఇవి వరుసగా చదువుకోగలరు. ఆ పైన నా కోరిక ఇది:

సదరు ఉత్తర్వును శనివారం లోపల రద్దు చేసి, మా పెద్దమేడం గారిని మా వెనక బెంచీలోనే ఉంచవలెను.

(పై వాక్యం కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీయడమైనది. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి జవాబు కిందా అలాగే గీస్తున్నాను, పిల్లల చేతా గీయిస్తున్నాను.)

సంతకం చూసి పక్కన పెట్టక, మొదటి నుండి చివరి దాకా చదివి మరీ చిత్తగించవలెను.

ఇట్లు,
పదిహేడుసార్లు తృప్తికరుడు, ఇకపై ఎంతవరకు అగునో చెప్పలేని
తమ విధేయుడు,
లెక్కల మాస్టారు

తా.క.: సూచికలో రెండవది, ఆ ఆకాశరామన్న ఉత్తరం, రాసింది నేనే.

మొదటి కాగితం అందిన సాయంత్రమే రాశాను. "ప్రధానోపాధ్యాయురాలు అసలు రిజిస్టరు ముట్టుకోక, మాస్టార్ల మాటలు లెక్కపెట్టుకొనుచు కాలక్షేపము చేయుచున్నది," అని. దస్తూరీ దొరకకూడదని ఎడమచేత్తో రాశాను. కుడిచేతికి ఏమైందని మా ఆవిడ అడిగితే బెణికిందని చెప్పాను. పోస్టు చేసి, తర్వాత మరిచిపోయాను. తమ ఫైలు కదలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆలోగా నేను మారిపోయాను. తమ ఆఫీసులో ఆ ఉత్తరం మాత్రం అలాగే ఉంది.

మెమోతో పాటు ఆ ఉత్తరం నకలు కూడా తమరు ఆవిడకు పంపారు. అది అందిన మరునాడు కూడా ఆవిడ ఎప్పటిలాగే వచ్చి నా వెనక బెంచీలో కూర్చున్నారు. గంట కొట్టాక కాగితం చించి ఇచ్చారు. "అర్థమైందా: 3. ఆగినవి: 3," అని ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ గీతలు గీయరు. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది. ఎడమచేత్తో అంత కష్టపడి రాసిన ఉత్తరంలో, "తగు చర్య తీసుకొనవలెను" అన్న మాట కింద అలవాటు చొప్పున నేను స్కేలు తీసి రెండు గీతలు గీశాను.

ఆవిడకు తెలుసు. ఒక్క మాట అనలేదు. తమరికీ చెప్పలేదు. నాలుగు రోజులుగా నేను ఆవిడ మొహం చూడలేక వరండా అవతలి వైపు నుంచి తిరిగి వెళ్తున్నాను. జతపరచిన యాభై మూడింటిలో అదే ఆఖరిది. ఆ గీతలనూ, ఉత్తరంలో గీతలనూ, పైన నా కోరిక కింద ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇది మాత్రం కుడిచేత్తో రాశాను.

రేపు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెబుతాను. ఎల్లుండి సెలవు పెట్టి తమ ఆఫీసుకు వచ్చి, తమ గది బయట బెంచీ మీద కూర్చుంటాను.

అర్థమైందా, అయ్యా?

జవాబు వచ్చేదాకా ఆగుతాను.