స్తంభం మీద వినబడ్డ నీ తిట్లు

కరెంటు పోయినప్పుడల్లా లైన్‌మేన్‌ని తిట్టిపోసిన నాన్నమ్మ దివ్యసముఖమునకు,

నీ మనవడు విశాఖలో కాల్‌సెంటర్ ఉద్యోగం వదిలి, నర్సీపట్నంలో లైన్‌మేన్ అప్రెంటిస్‌గా చేరాడని విన్నవించుకుంటున్నాను. అక్కడ ఫోన్లో తిన్న తిట్లు ఇక్కడ నేరుగా తింటున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఈరోజు గొలుగొండలో స్తంభమెక్కి, దిగగానే మానేద్దామనుకున్నాను. కిందనుంచి ఓ ముసలమ్మ అరిచింది.

"ఒరే సచ్చినోడా, తొంగోడానికెక్కేవేటి? బేగి కరెంటెయ్యరా!"

అచ్చం నీ గొంతే. నువ్వు పోయాక మనింట్లో కరెంటు పోతే ఎవరూ ఏమీ అనడం లేదు.

తీగ బిగించడం అప్పటికే అయిపోయింది. అయినా, "ఏటమ్మా? ఇనబళ్ళేదు, మళ్ళీ సెప్పు," అన్నాను.

ఆవిడ మొదటినుంచి అందుకుంది. అంతా పైనే ఉండి విన్నాను. మానేయడం రేపటికి వాయిదా వేశాను.