మావయ్యగారు లెక్కపెట్టిన పది

ఏవండీ,

బెండకాయ కూర పొయ్యి మీదే ఉంది, తినేయండి. ఉయ్యాల కొక్కేలకు మనం కట్టిన కసరత్తు రింగుల్లో ఎడమది అంగుళం జారింది, సరిచేయండి.

పది లెక్కపెట్టేదాకా వాటిని పట్టుకుని చేతుల మీదే నిలుస్తానని మీతో వేసిన పందెం పొద్దున్నే గెలిచాను! మోచేతులు వంచలేదు, కాళ్లు నేలకు ఆనించలేదు. లెక్కపెట్టింది మావయ్యగారు. కొబ్బరికాయలు ఎంచినట్టే, ఒకటికి బదులు "లాభం" అంటూ తీరిగ్గా మొదలుపెట్టారు. ఆరు దగ్గర, "ఉండమ్మా, లెక్క తప్పేను. మళ్లీ మొదట్నించీ... లాభం!" అన్నారు. ఈసారి ఐదు దగ్గర దిగిపోయాను.

ఆరూ ఐదూ పదకొండు. నెల్లాళ్లు పొద్దున్న కాఫీ మీరే పెట్టాలి. మావయ్యగారేమో ఐదే అంటున్నారు. మీరు ఎవరి పక్షమో సాయంత్రం తేలిపోవాలి. బస్సు వచ్చేస్తోంది.

మీ కౌముది

అక్షరాలు వంకరపోయింది చేతులు వణికి. మిమ్మల్ని తలచుకుని కాదు.