ఏడవడానికి ఒక మూల

అవ్వా,

ఎట్లున్నవు? నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్ని రోజులకు నీకు రాయడానికి కూర్చున్నాను. నీకు చదువు రాదు కదా... ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చదవగలిగితే నా మొహం చూసేదానివి కాదేమో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కొత్తిమీర మడి ఖాళీగా లేదు, చిన్నమ్మ ఈసారి కూడా వేసింది. కట్టలు మాత్రం నీలాగా కట్టరాదు ఆమెకు. చేవెళ్ళ మార్కెట్టుకు పోయేసరికి సగం ఊడిపోతున్నాయట. మీ అవ్వ ఉంటే తిట్టేది అని ఫోన్‌లో చెప్పి, తనే ఏడ్చింది. చూశావా, చిన్నమ్మకు ఏడుపు ఎంత సులువుగా వస్తుందో!

నేను ప్రతి ఆదివారం పొద్దున్నే పట్నంలో మా ఇంటి దగ్గర పెద్ద పార్కుకు పోతున్నాను. వాకింగ్ అని చెప్పాను. నీ అల్లుడు మురిసిపోయి కొత్త బూట్లు కొనిపెట్టాడు. ఆ బూట్లు వేసుకుని నేను పోయేది నడవడానికి కాదు అవ్వా. ఏడవడానికి.

నవ్వకు.

మన ఎంకపల్లిలో ఎవరింట్లో చావైనా ముందు నీకే కబురొచ్చేది. కొంగు నెత్తిమీద వేసుకుని, పీనుగ పక్కన కూర్చుని నువ్వు శోకం ఎత్తుకుంటే వాకిలంతా కదిలిపోయేది. మల్లయ్య మామ పోయిన రోజు "పొద్దుగాల్ల నీ మోటరు ఎవరేస్తరు తమ్మీ, నీ ఎద్దు ఎవరి మొకం జూస్తది తమ్మీ" అని నువ్వు అంటుంటే, ఆయనతో ఏళ్ళ తరబడి మాటల్లేని సొంత అన్న కూడా గోడకు తల ఆనించి ఏడ్చాడు. నాకు అప్పుడు సిగ్గేసేది. మొయినాబాద్ బడిలో పిల్లలు నన్ను ఏడుపు లచ్చవ్వ బిడ్డ అనేవాళ్ళు. నీ గొంతు వినపడితే నేను ఇంకో తోవ పట్టేదాన్ని. నీకు తెలుసా ఆ సంగతి? తెలిసే ఉంటుంది... అడగలేదు అంతే.

ఇప్పుడు చూడు, నా ఉద్యోగం ఏమిటి? పెద్ద పళ్ళ దవాఖానలో ముందు టేబుల్ దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడటం. గొంతు పెంచితే మేనేజరు కళ్ళతోనే చెప్తుంది. పన్నెండేళ్ళుగా మెల్లగా మాట్లాడినందుకే నాకు జీతం.

నిన్ను వాకిట్లో పడుకోబెట్టిన రోజు మా దవాఖాన వాళ్ళంతా కార్లలో వచ్చారు. నేను నీ తల దగ్గర కూర్చున్నాను. ఆడవాళ్ళంతా నా నోటి వైపే చూస్తున్నారు. బిడ్డ ఎత్తుకుంటేనే కదా మిగతావాళ్ళు అందుకునేది. చిన్నమ్మ నా మోకాలు పొడిచింది. నోరు తెరిచాను. తెరిచేసరికి టెంటు అంచున మా దవాఖాన వాళ్ళ నల్ల బూట్లు కనబడ్డాయి.

అప్పుడు నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా అవ్వా? వాళ్ళకు నీళ్ళిచ్చారా అని అడిగాను. మెల్లగా. దవాఖానలో అడిగినట్టు.

వెనక నుంచి ఎవరో అన్నారు... ఊరందరి పీనుగుల మీద ఏడ్చింది, దాని పీనుగ మీద ఏడ్చేటోళ్ళు లేకపాయె అని. ఎవరన్నారో నేను తిరిగి చూడలేదు. ఏ మొహంతో చూడాలి?

ఆ మాట నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. ఆ శోకమేదో నీకు అప్పజెప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. కానీ ఎక్కడ? మా ఫ్లాట్‌లో కుక్కరు విజిల్ కూడా పక్కింటికి వినపడుతుంది. అందుకే పార్కు.

అంత పెద్ద పార్కులో మనిషి లేని జాగ దొరకదంటే నమ్ముతావా? వెదురు పొదల వెనక్కు పోతే ఒక జంట. నన్ను చూసి వాళ్ళు, వాళ్ళను చూసి నేను, అందరం సిగ్గుపడ్డాం. పెద్ద బండల చాటుకు పోతే పెళ్ళి ఫోటోలు తీస్తున్నారు, కాస్త పక్కకు జరగండి ఆంటీ అన్నారు. నీళ్ళు రాని ఫౌంటెన్ దగ్గర పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఇంకో వారం ఏ మూలా దొరకక నిలబడితే నా నెత్తిమీది కొమ్మ మీద నెమలి అరిచింది. ఎంత గొంతు! ఒక్కరు తిట్టలేదు దాన్ని. ఫోన్లు తీసి వీడియో పట్టుకున్నారు. నాకు దానిమీద కుళ్ళు పుట్టింది, నిజంగా.

చివరికి మొక్కలు పెంచే షెడ్డు వెనక, గోడ వారన, ఒక జాగ దొరికింది. ఎండుటాకులు, పగిలిన కుండీలు, నేను. ఎవ్వరూ లేరు. కొంగు లేదు కాబట్టి చున్నీ నెత్తిన వేసుకున్నాను. కూర్చున్నాను. అవ్వా అన్నాను.

పిల్లి కూన అరిచినట్టు వచ్చింది.

మళ్ళీ అన్నాను. అంతే. తర్వాతి మాట రాలేదు. అడ్డం ఎవరూ లేరు, బూట్లు లేవు, మేనేజరు లేదు. అయినా మెల్లగానే వచ్చింది. అక్కడ కూర్చుని నామీద నాకే అసహ్యం వేసింది అవ్వా. ఇన్ని వారాలు జాగ మీద నెపం పెట్టుకుని తిరిగాను.

అప్పుడు నీ మాట యాదికొచ్చింది. నేను చిన్నప్పుడు విసుక్కుంటూ అడిగాను, ఇంట్లో తలుపేసుకుని ఏడవరాదా అని. నువ్వు కొత్తిమీర కట్టలు కడుతూనే అన్నావు: "ఒక్కదానివి ఏడిస్తే అది నీ బాధ బిడ్డా. పదిమంది ఇంటే అది సచ్చినోళ్ళ ముచ్చట." ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నేను పగిలిన కుండీల మధ్య దాక్కుని ఉన్నాను.

లేచి బయటికి వస్తుంటే పచ్చిక మీద నవ్వుల క్లబ్బు వాళ్ళు. పెద్దవాళ్ళంతా చేతులు పైకెత్తి హాహా అని అరుస్తున్నారు. వెనక వరుసలో నిలబడ్డాను, ఎందుకో తెలియదు. నేనూ చేతులెత్తాను. హా అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది! ఇంకోసారి అన్నాను. మూడోది నవ్వు కాలేదు.

"కొత్తిమీర వాసన చేతులదానా, నీ కట్టలు ఎవరు కడ్తరు అవ్వో..."

నీ రాగమే అవ్వా. నా గొంతులోంచి. ఎక్కడ దాక్కుని ఉందో ఇన్నాళ్ళు.

పక్కనున్న పెద్దమ్మ నవ్వడం ఆపేసింది. తర్వాత ఆమె పక్కావిడ. వరుసంతా ఇటు తిరిగారు. ఎవరూ తప్పుగా చూడలేదు. ఆ పెద్దమ్మ అయితే నా చెయ్యి పట్టుకుని, ఇంకా చెప్పు అన్నట్టు తలూపింది. వింటున్నారు అవ్వా. నీ గురించి.

మరి నేనేం చేశాను? చెయ్యి విడిపించుకుని, సారీ సారీ అంటూ గేటు దాకా ఉరికాను. రెండోసారి వదిలేశాను నిన్ను. "ఎత్తుకున్న శోకం నడిమిట్ల ఇడువద్దు, పోయినోళ్ళు తొవ్వలనే ఆగుతరు" అనేదానివి కదా... ఆగావా? నాకోసం ఎక్కడైనా నిలబడి ఉన్నావా?

నీ సంవత్సరీకానికి మన వాకిట్లో టెంటు వేస్తాం. ఊరందరూ వస్తారు. మా దవాఖాన వాళ్ళను కూడా నేనే పిలుస్తాను, ఆ బూట్లతోనే రమ్మంటాను. నీ ఫోటో ముందర కూర్చుని, కొత్తిమీర దగ్గర ఆపిన చోటు నుంచి ఎత్తుకుంటాను.

వాళ్ళకు నీళ్ళు ఇంకెవరైనా ఇస్తారు.

అప్పటిదాకా జర ఆగు అవ్వా.

నీ బిడ్డ,
ఏడుపు లచ్చవ్వ బిడ్డ