నా భుజానికి నలభై వారాలు

జూన్ 2, ఉదయం 6.10
కంపెనీ డాక్టర్ నరసింహమూర్తి నా భుజం నొప్పిని మా అమ్మ కడుపులోకి నెట్టేశాడు! గడ్డపోతారం ప్లాంటులో డ్రమ్ము ఎత్తుతుంటే కుడి భుజంలో పుటుక్కుమంది. ఆయన చీటీ: 'పుట్టుకతో వచ్చిన లోపం'. డ్యూటీలో తగిలింది కాదట. తేలిక పని ఇవ్వరట. నెలాఖరుకు మళ్లీ డ్రమ్ములెత్తాలి, లేదా మానెయ్యాలి.
శపథం: కడుపులో భుజం ఎట్లా తయారవుతుందో ఫోన్‌లో మొత్తం చదువుతా. నలభై వారాలు. రోజుకు రెండు. ఇరవై రోజుల్లో ఆయన నోరు మూయిస్తా!

జూన్ 3, ఉదయం 5.30
నాలుగో వారం. చేతులు లేవు, రెండు మొగ్గలున్నాయి. మొగ్గకు డ్రమ్ము ఎవరిచ్చారు?

జూన్ 5
ఎనిమిదో వారం. నేను చింతగింజంత. అప్పుడే భుజం కీలు! కండరాన్ని ఎముకకు కట్టేది స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. మా దగ్గర రెండూ 'నరమే'.
రూమ్మేట్ రాకీ: "అన్నా, చింతగింజకు గింత కోపమేందే?"

జూన్ 7
పన్నెండో వారం. పెద్దవాళ్ల భుజంలో ఉండేవన్నీ చిన్న సైజులో వచ్చేశాయి! కదులుతుంటేనే ఇవి గట్టిపడతాయట. అంటే కడుపులోనే డ్యూటీ ఎక్కాను. అమ్మకు ఫోన్.
"అమ్మా, కడుపుల నేను కుడిచెయ్యి ఆడించిన్నా?"
"గుద్దుడే గుద్దుడు. చెయ్యో కాలో నాకేమెర్క, లోపలికి తొంగి సూసిన్నా? పుట్టినంక నీ రెక్క మంచిగనే ఉండె గదరా."
సాక్షి దొరికింది!

జూన్ 9
చదవలేదు. ఓవర్‌టైమ్, అదే ఓటీ.

జూన్ 10
చదవలేదు. ఫోన్ కుడిచేత్తో పట్టుకుంటే నొప్పి. ఎడమచేత్తో పట్టుకుంటే అర్థం కావడం లేదు.

జూన్ 13
ఆలోచిస్తే, పన్నెండుకే అన్నీ వచ్చేశాయి కదా. మిగతా ఇరవై ఎనిమిది వారాలు ఉత్త పెరుగుడే. అయినా నేను చదవకపోయినా నేను పుట్టానుగా!

జూన్ 19, సాయంత్రం 7.00
ఇస్నాపూర్ రూము. మిర్చి బజ్జీలు. రాకీ కదిలించాడు.
"గా దినం డాక్టర్ ఏమడిగిండే?"
"నొప్పి ఎప్పటి నుంచి అన్నడు."
"నువ్వేమన్నవ్?"
"పుట్టినకాడికెల్లి గింత నొప్పి సూడలే సార్, అన్న."
రాకీ బజ్జీ కింద పెట్టాడు. "అన్నా, గాయినెది కోస్తా దిక్కు. 'పుట్టిన' ఒక్కటే సమజైనట్టుంది. రాసిండు!"
పుట్టినప్పటి నుంచి ఇంత నొప్పి ఎరగనని నేనంటే, ఒక్క ముక్క విని మిగతా వాక్యాన్ని పారేశాడు! దానికి నేను పన్నెండు వారాలు చదివాను. చదువు బంద్. ఆరు బజ్జీలు తిన్నాను.

జూన్ 20, ఉదయం 5.15
నిద్ర లేవగానే భయం. డాక్టర్‌కు ఇవ్వడానికి రాత్రి రాసిన కాగితంలో వారం నంబరు అడుగుతున్నాను. ఆయన ముప్పయ్యో వారం అంటే? నేను అక్కడికి పోనేలేదు!
మళ్లీ శపథం: రేపటి నుంచి ఒకటో వారం. రోజుకు ఏడు. ఆరు రోజుల్లో నలభై. ఈసారి ఓటీ లేదు, బజ్జీ లేదు!
కాగితం నకలు:

'డాక్టర్ గారూ, నేనన్న వాక్యం మొత్తం రాసి చీటీ మార్చండి. లేదా నా భుజం కడుపులో ఏ వారం చెడిందో నంబరు వేసి సంతకం పెట్టండి. జవాబుకు గడువు జూన్ 27, సాయంత్రం ఐదు.
అహరోను, ప్యాకింగ్ సెక్షన్.'