నాన్న పెట్టిన కస్తూరి పరీక్ష

చిరంజీవి ముక్కులేనోడికి,

అన్నయ్య ఆశీస్సులు. జింకను చంపి కస్తూరి తీయడం ఇప్పుడు నేరం కాబట్టి, మీ ల్యాబులో చేసేదే పంపమన్నాను. నువ్వు పంపిన సీసాలో ఏముందిరా, నీళ్లా? అరగంట పీల్చాను. వాసనా లేదు, పాడూ లేదు. ఇది నాన్న పెట్టిన అత్తరు కొట్టు, కుళాయి కాదు. గట్టిది పంపు.

ఇట్లు, అన్నయ్య

తా.క.: చిన్నప్పుడు నాన్న కస్తూరి కాయ చూపిస్తే "ఏమీ రావట్లేదు" అన్నవాడివి. నేను "ఆహా" అన్నాను. నిన్ను అడగడం నాదే బుద్ధితక్కువ.

*

అన్నయ్యకు నమస్కారాలు.

నీళ్లు కాదు. ఆ పార్సిల్ వాసనకే పోస్టాఫీసు గుమస్తా కిటికీ తెరిచాడు. ఇంకా గట్టిది పంపుతున్నాను. గ్లాసుడు అత్తరుకి ఒక్క చుక్క.

ఆ "ఏమీ రావట్లేదు"కి నాన్న చేతిలో నా చెంప పగిలింది. నీకు అత్తరు కొట్టు దక్కింది, నాకు "ముక్కులేనోడు" అనే పేరు దక్కింది. ముప్పై ఏళ్లుగా వాసనలు చూసే బతుకుతున్నాను. ఒక్క ఉత్తరంలోనైనా ఆ పేరు మానేస్తావా?

నీ తమ్ముడు

తా.క.: ఒక్క చుక్క!

*

ముక్కులేనోడికి,

చుక్క చాల్లేదు. సీసా మొత్తం వంపాను. అయినా సున్నా. పైగా కొనడానికొచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతున్నారు. కుట్టిన బట్టలన్నీ కంపు కొడుతున్నాయని పక్క కొట్టు దర్జీ కొట్లాటకొచ్చాడు. అందరూ నా మీద ఏడ్చేవాళ్లే. నువ్వూ వాళ్లతో కలిశావా?

కస్తూరంటే ఏమిటో నీకు తెలియాలి. నాన్న కాయ పంపుతున్నాను. పీల్చి బుద్ధి తెచ్చుకో.

అన్నయ్య

తా.క.: మీ వదిన పుట్టింటికి పోయింది. తలనొప్పట.

*

అన్నయ్యకు,

దర్జీ చెప్పింది నిజం. కొన్ని ముక్కులకు ఈ రకం కస్తూరి వాసన అందదు. మా ల్యాబులోనే ఇద్దరున్నారు. అది తప్పూ కాదు, రోగమూ కాదు. ముందు కిటికీలు తెరువు, తర్వాత వదినను బతిమాలుకో.

ఇక నాన్న కాయ. అసలు కాయంటే మగ కస్తూరి జింక పొట్ట కింద ఉండే సంచి. దీని కుట్టు విప్పి చూశాను. లోపల ఎండిన నెత్తురు, తోలు ముక్కలు, బరువు కోసం నాలుగు సీసపు గుండ్లు. బయటి తోలు మేకది. కస్తూరి ఆవగింజంత కూడా లేదు. అందుకే నాకేమీ రాలేదు. మరి నువ్వు దేన్ని పీల్చి "ఆహా" అన్నావు?

నీ తమ్ముడు

తా.క.: ఆ చెంపదెబ్బ ఇప్పుడు ఎవరికి తిరిగివ్వను?

*

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ రోజు నాకూ ఏమీ రాలేదురా. నీ చెంప చూశాను, నాన్న చెయ్యి చూశాను, "ఆహా" అన్నాను. అప్పట్నుంచీ అంటూనే ఉన్నాను.

నాన్నకు తెలుసు. పోయేముందు చెప్పాడు: "కాయలో ఏమీ లేదురా. కొట్టు నడపడానికి ముక్కెందుకు, నోరు చాలు."

నీకు చెబితే కొట్టు ఎక్కడ అడుగుతావో అని భయపడ్డాను. మళ్లీ "ఏమీ రావట్లేదు" అంటావనే కాయ పంపాను, కుట్టు విప్పుతావనుకోలేదు. మన ఇంట్లో ముక్కున్నవాడివి నువ్వొక్కడివే. క్షమించు.

అన్నయ్య

తా.క.: కాయను మళ్లీ కుట్టి తిరుగు టపాలో పంపు. గుండ్లు మర్చిపోకు. ఆదివారం నా పిల్లలిద్దరికీ పరీక్ష పెట్టాలి.