పిడికి చుట్టిన ఎర్ర టేపు

బావా,

నిన్న భోజనాల దగ్గర "చదవకుండా సంతకం పెట్టావు, బుద్ధుందా?" అన్నావే, అది తప్పు. చదివే పెట్టాను, ఆ పోలీసు కాగితం రాసిందే నేను. ఏడో తరగతిలో బడి మానేశాను గానీ చదవడం మానలేదు.

మా ఓనరు నాకిచ్చిన డ్రిల్లు మిషను పనిచేసే చోట మెట్ల కింద నుంచి ఎవడో ఎత్తుకుపోయాడని చెప్పడానికే పోలీస్ స్టేషనుకి వెళ్ళాను. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరు, "దొంగతనమంటే కేసు, కోర్టు, ఏడాదంతా తిరగాలిరా అబ్బాయ్. దారిలో పడిపోయిందని రాయి, ఇప్పుడే స్టాంపేసి ఇస్తా" అన్నాడు. ఓనరుకి చూపించడానికి ఏదో ఒక కాగితం ఉంటే చాలనుకుని రాశాను. ఓనరు అది చూసి, "అయితే పారేసింది నువ్వేగా? మిషనుతోనే పనిలోకి రా" అన్నాడు.

ఇవాళ పొద్దున స్టేషను నుంచి ఫోను. పాత సామాన్ల కొట్లో మిషను దొరికిందట. వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా టేబుల్ మీదే ఉంది, పిడికి నేను చుట్టిన ఎర్ర టేపుతో సహా. రైటరు పక్కకి పిలిచి, "నీదేనంటే దొంగతనం కేసవుతుంది. ముందు అబద్ధం ఎందుకు రాశావని ఎస్సైగారు నిన్నే లోపలేస్తారు. కాదని చెప్పి ఇంటికి పో" అన్నాడు. రాయమన్నది మీరే కదండీ అంటే, "నేనా? చేతిరాత ఎవరిదిరా?" అని నవ్వాడు.

కాదంటే పని పోతుంది. అయినా ఆ టేపు చూస్తూ నాది కాదని ఎలా అనను బావా? నాదేనంటాను. టీ కొట్టాయన చేత ఈ ఉత్తరం పంపిస్తున్నాను, అందగానే స్టేషనుకి బయల్దేరు. అక్కకి మాత్రం చెప్పకు. ఎస్సై పిలుస్తున్నాడు, వెళ్ళాలి.