గడప దాటొచ్చని చెప్పండి

మసీదు హజరత్ గారికి సలాం. నేను షబ్రీన్ అమ్మను.

నిన్న నన్ను పలకరించేదానికి వచ్చి, "ఇద్దత్‌లో ఉన్నా అవసరానికి గడప దాటొచ్చు కదమ్మా" అన్నారు. ఆ మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

బిడ్డ తిరుపతిలో మందుల షాపులో పని ముగించుకుని రాత్రి బస్సు దిగితే, వాళ్ల నాయన ఏర్పేడు రోడ్డుకాడికి పోయి పిల్చుకొచ్చేవాడు. ఆయన చనిపోయినాక నేను పోవాల. ఇద్దత్ అంటే నాలుగు నెలల పైన ఇల్లు కదలకూడదని మా పెద్దోళ్లు చెప్పినారు, ఆ రాత్రి తలుపుకాడే కూచున్నాను. "నేనేమన్నా చిన్నపిల్లనా అమ్మీ, అన్నం పెట్టి ఉంచు" అని ఫోన్లో నవ్వింది. తెల్లారి కాలవగట్టున దొరికింది. ఎవరు చంపినారో పోలీసులకు ఇంకా తెలీలేదు.

ఇంటికొచ్చినోళ్లు, అంత రాత్రి ఆడపిల్లకు బయటేం పని అంటాండారు. ఇంటికి రావడమే దాని పని.

పక్కింటి మెహరాజ్ బేగం కూడా మొన్న భర్త పోయి ఇద్దత్‌లో కూచున్నాది. ఆమె బిడ్డ అదే బస్సు దిగుతాది. మీరన్న మాట నేను చెప్తే, "దుఃఖంలో ఏందో అంటాండావులే అక్కా" అంటాది. మీరు చెప్తే వింటాది. శుక్రవారం నమాజు అయినాక మగోళ్లందరికీ చెప్పండి, వాళ్లు ఇండ్లల్లో చెప్తారు.

నా ఇద్దత్ ఇంకా తీరలేదు. మీరు చెప్పేదాకా మెహరాజ్ బిడ్డను పిల్చుకొచ్చేదానికి బస్సుకాడికి నేనే పోతాండాను.